శరణు అన్నాక మళ్లీ పోతుందా? భద్రాచల రామదాసు పన్నెండేళ్ల కథ



ఈ వారం వీడియోలో రామదాసు గారి కథ చెప్పుకున్నాం. వీడియోలో కథ వరకే టైం సరిపోయింది. ఆ కథ లోపల ఒక పెద్ద ప్రశ్న ఉంది, దానికోసమే ఈ పోస్ట్. కొంచెం పెద్దదే, తీరిగ్గా చదవండి.

ప్రశ్న ఇది. ఒకసారి మనస్ఫూర్తిగా దేవుడికి శరణు అన్నవాడు తర్వాత తడబడితే ఏమవుతుంది? కోపం తెచ్చుకుంటే, పూజ మానేస్తే, తప్పు చేస్తే, ఆయన ఇచ్చిన రక్షణ వెనక్కి పోతుందా? ఊరు మారి, నైట్ షిఫ్టుల్లో పడి, నెలల తరబడి దీపం పెట్టని వాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఏదో ఒక రోజు మనకీ దేవుడికీ ఇంకా లింక్ ఉందా అనే భయం వాళ్లకి వస్తుంది. అందుకే ఇది పుస్తకాల్లో ఉండే ప్రశ్న మాత్రమే కాదు.

ఇది మన ఒక్కళ్ల ప్రశ్న కూడా కాదు. నేనుండేది సికింద్రాబాద్‌లో. ఇక్కడ గుడి, మసీదు, చర్చి, గురుద్వారా అన్నీ ఒకే బస్సు రూటులో కనిపిస్తాయి. మా ఆఫీసులో ఇద్దరు క్రిస్టియన్ కొలీగ్స్ లంచ్ టైంలో సరిగ్గా దీని మీదే వాదించుకుంటారు. ఒకసారి రక్షణ దొరికితే అది ఎప్పటికీ పోదని ఒకరు అంటారు. నమ్మకం వదిలేస్తే పోతుందని ఇంకొకరు అంటారు. వెస్లీ పేరు మీద మన సికింద్రాబాద్‌లో చర్చి ఉంది కదా, ఆ జాన్ వెస్లీ 18వ శతాబ్దంలో, విశ్వాసి పడిపోవచ్చు, పోగొట్టుకోవచ్చు అనే బోధించాడు. బాప్టిస్టుల్లో చాలామంది పోదు అంటారు. అంటే ఒకే ఊళ్లో, ఒకే బైబిల్ పట్టుకుని, రెండు సమాధానాలు.

ఇంకో విచిత్రం చెప్తాను. ఈ గొడవ తేల్చడానికి హాలెండ్‌లోని డోర్డ్రెక్ట్ అనే ఊళ్లో 1618, 1619లో పెద్ద సభ జరిగింది. దేవుడు ఎంచుకున్నవాడిని దేవుడే చివరిదాకా నిలబెడతాడని ఆ సభ తీర్మానించింది. అప్పటికే ఆ డచ్చి వాళ్ల వ్యాపార కోఠీ మన మచిలీపట్నంలో ఉంది. మచిలీపట్నం అప్పుడు గోల్కొండ రాజ్యానికి రేవు. అదే గోల్కొండ రాజ్యంలో, దాదాపు అదే కాలంలో, నేలకొండపల్లిలో ఒక పిల్లవాడు పుట్టాడు. ఆ ప్రశ్నకి మన తెలుగువాళ్లకి సమాధానం ఆ పిల్లవాడి జీవితంలో దొరుకుతుందని నా నమ్మకం.

నేలకొండపల్లి గోపన్న

ఆయన అసలు పేరు కంచర్ల గోపన్న. పుట్టింది సుమారు 1620 ప్రాంతంలో, ఇప్పటి ఖమ్మం జిల్లా నేలకొండపల్లిలో. తండ్రి లింగన్న, తల్లి కామాంబ. గోల్కొండ చరిత్రలో వినిపించే అక్కన్న, మాదన్న ఆయనకి మేనమామలని సంప్రదాయం చెప్తుంది.

గోపన్న గారికి రఘునాథ భట్టాచార్యుల దగ్గర శ్రీవైష్ణవ దీక్ష అయింది. ఈ ఒక్క విషయం గుర్తు పెట్టుకోండి, కథకి ఇదే తాళంచెవి. శ్రీవైష్ణవంలో అసలు మాట శరణాగతి. నా బలంతో నేను నిన్ను చేరలేను, నువ్వే దారి అని ఒప్పేసుకోవడం. దాన్నే ప్రపత్తి అంటారు. అలా ఒప్పుకున్నవాడి బాధ్యత ఇక దేవుడిదే అని ఆ సంప్రదాయం గట్టిగా నమ్ముతుంది.

కబీర్‌దాసు వచ్చి ఆయనకి తారకమంత్రం ఇచ్చాడని కూడా కథ ఉంది, సినిమాల్లో చూసే ఉంటారు. కబీర్ 15వ శతాబ్దం మనిషి, అంటే గోపన్న గారికి బాగా ముందు. ఆ కథలో వచ్చినది కబీరు బాటలో నడిచిన ఒక సాధువు అనుకుంటే ఇబ్బంది ఉండదు. ఏదేమైనా రామనామం ఆయన్ని పట్టుకుంది.

1672లో అబుల్ హసన్ కుతుబ్ షా గోల్కొండ సుల్తాన్ అయ్యాడు. మనం తానీషా అని పిలుచుకునేది ఈయన్నే. కొద్దికాలానికే మాదన్న ఆయన దగ్గర ప్రధాని అయ్యాడు. గోపన్న గారికి పాల్వంచ పరగణా తహసీల్దారు ఉద్యోగం వచ్చింది. పని ఏంటంటే శిస్తు వసూలు చేసి ఖజానాకి పంపడం. ఇప్పటి భాషలో రెవెన్యూ ఆఫీసర్ అన్నమాట. మంచి జీతం, అధికారం, వెనకాల ప్రధాని మేనమామ. కెరీర్ సెట్.

దమ్మక్క తాటిపండు

భద్రాచలం ఆ పరగణాలోకే వస్తుంది. అక్కడ రాముణ్ణి ముందు కనిపెట్టింది గోపన్న గారు కాదు. పోకల దమ్మక్క అనే గిరిజన భక్తురాలు. కలలో రాముడు చెప్పాడని వెళ్లి పుట్టలో ఉన్న విగ్రహాలని బయటికి తెచ్చి, చిన్న పందిరి వేసి, అడవిలో దొరికే తాటిపండే నైవేద్యం పెట్టి పూజించిందని స్థలపురాణం. మంత్రం రాదు, ఆగమం తెలీదు. ఆమె పూజని రాముడు వద్దనలేదు.

గోపన్న గారు అక్కడికి వచ్చి చూస్తే రాముడు పందిరి కింద ఉన్నాడు. నాలుగు చేతుల వైకుంఠరాముడు, ఎడమ తొడ మీద సీతమ్మ, పక్కన లక్ష్మణుడు. శంఖం కుడిచేతిలో, చక్రం ఎడమచేతిలో, మామూలుగా విష్ణువు విగ్రహాల్లో ఉండేదానికి తిరగేసి. ఆ రూపం చూశాక ఆయన మనసు ఆగలేదు. గుడి కట్టాలి అనుకున్నారు.

చందాలు అడిగారు. వచ్చాయి గానీ సరిపోలేదు. చేతిలో సర్కారు శిస్తు ఉంది. ముందు ఆ డబ్బు వాడండి, పంటలు చేతికొచ్చాక మేం కట్టేస్తాం అని జనం భరోసా ఇచ్చారని కథ చెప్తుంది. గుడి లేచింది. ప్రాకారం లేచింది. శిఖరం మీద పెట్టే సుదర్శన చక్రం ఎంత చేసినా కుదరక, చివరికి గోదావరిలోనే దొరికిందని చెప్తారు. సీతమ్మకి చింతాకు పతకం, భరతుడికి పచ్చల పతకం, రాముడికి కలికితురాయి చేయించారు. ఖర్చు ఆరు లక్షలు దాటింది.

ఇక్కడ మనం కాస్త నిజాయితీగా మాట్లాడుకోవాలి. భక్తి కథ కదా అని ఈ ముక్కని దాటేస్తే తర్వాతది అర్థం కాదు. అది ప్రజల శిస్తు, ఖజానాకి వెళ్లాల్సిన డబ్బు. పై అధికారి పర్మిషన్ లేకుండా ఇంకో పనికి వాడారు. ఉద్దేశం ఎంత పవిత్రమైనా, ఏ ఆడిట్‌లో అయినా అది తప్పుగానే వస్తుంది. ఒక్క కాసు ఆయన ఇంటికి వెళ్లలేదు, అదీ నిజమే. ఈ రెండు నిజాలనీ పక్కపక్కనే పెట్టుకుని ముందుకెళ్దాం.

గోల్కొండ చెరసాల

ఖజానాకి డబ్బు రాలేదు. విషయం గోల్కొండకి చేరింది. మేనమామ ప్రధాని అయ్యుండి కూడా కాపాడలేకపోయాడు. మేనల్లుడని వదిలేస్తే దర్బారులో మాట పడేది మాదన్నకే. గోపన్న గారిని తెచ్చి చెరసాలలో పెట్టారు. బాకీ కట్టేదాకా విడుదల లేదు. పన్నెండేళ్లు.

గోల్కొండ కోట పైకి ఎక్కుతుంటే దారిలో రామదాసు బందీఖానా అని చూపిస్తారు. ఇప్పటికీ గోడ మీద చెక్కిన రాముడు, సీతమ్మ, ఆంజనేయుడి బొమ్మలు కనిపిస్తాయి. చీకటి గది, పైకప్పులోంచి కాస్త వెలుతురు. నేను ఎప్పుడు వెళ్లినా అక్కడ జనం సెల్ఫీలు తీసుకుని రెండు నిమిషాల్లో బయటికి వచ్చేస్తారు. ఒకసారి పది నిమిషాలు లోపలే నిలబడి చూశాను. పన్నెండేళ్లంటే ఎంతో ఒంటికి తెలుస్తుంది. ఇంజనీరింగ్‌లో చేరినవాడు చదువు అయిపోయి, ఉద్యోగం వచ్చి, పెళ్లయి, పిల్లాడు బడికి వెళ్లేంత కాలం అది.

కొరడా దెబ్బలు తిన్నారు. ఇంటి దగ్గర కుటుంబం ఉంది. కట్టించిన గుడిలో రాముడు తురాయి పెట్టుకుని కల్యాణం చేసుకుంటున్నాడు. కట్టించినవాడు ఇక్కడ చీకట్లో ఉన్నాడు. శరణు అన్నవాడి బాధ్యత దేవుడిదే అన్నారు కదా, మరి దేవుడెక్కడ?

తిట్టిన భక్తుడు

ఇక్కడ మన కథలో అసలు మలుపు వస్తుంది. రామదాసు గారికి కోపం వచ్చింది. చిన్న కోపం కాదు.

ఆయన కీర్తనల్లో ఒకటి మనందరికీ తెలుసు, బాలమురళీకృష్ణ గారి గొంతులో విని ఉంటారు. అందులో ఆయన రాముడికి బిల్లు చదువుతారు. ఎవరికి ఏ నగ చేయించాను, దేనికి ఎంత అయింది, వరుసగా లెక్క చెప్తారు. ఈ డబ్బు మీ నాన్న పంపాడా, మీ మామగారు పంపారా అని నిలదీస్తారు. నా సొమ్ము పెట్టుకుని దర్జాగా తిరుగుతున్నావని ఎత్తిపొడుస్తారు.

ఆ పాటలోనే చివరికి వచ్చేసరికి స్వరం మారిపోతుంది. దెబ్బలకి తట్టుకోలేక నోరు జారాను, మనసులో పెట్టుకోకు అని బతిమాలుకుంటారు. ఇంకో కీర్తనలో నేరుగా రాముణ్ణి అడక్కుండా సీతమ్మ దగ్గరికి వెళ్తారు. ఏకాంతంగా ఉన్నప్పుడు నా సంగతి కాస్త ఆయన చెవిన వెయ్యి తల్లీ అని. నాన్నకి కోపం వచ్చిందనుకున్నప్పుడు అమ్మ చేత చెప్పించే పిల్లాడు ఉంటాడు కదా, అచ్చం అలాగే. శ్రీవైష్ణవంలో దీనికి పేరే ఉంది, పురుషకారం. అమ్మవారు మన తరపున మాట్లాడటం.

ఇప్పుడు మన ప్రశ్న అడుగుదాం. దేవుణ్ణి తిట్టాడు, అనుమానించాడు, లెక్కలు అడిగాడు. శరణాగతి చేసిన మనిషి ఇలా చేస్తే ఆ శరణాగతి రద్దవుతుందా?

కోతిపిల్ల, పిల్లిపిల్ల

రామదాసు గారికి మూడు వందల ఏళ్లకి ముందే, 13, 14 శతాబ్దాల్లో, శ్రీరంగం, కంచి వైపు ఇద్దరు పెద్ద ఆచార్యులు ఈ విషయం మీద లోతుగా రాశారు. ఒకరు పిళ్లై లోకాచార్యులు, ఒకరు వేదాంత దేశికులు. వాళ్ల తర్వాత వచ్చిన రెండు వర్గాలకి రెండు పోలికలు పేరుపడ్డాయి.

కోతిపిల్ల తల్లి పొట్టని తానే గట్టిగా పట్టుకుంటుంది. తల్లి దూకుతుంది గానీ పట్టు మాత్రం పిల్లదే. మన వైపు నుంచి కొంచెమైనా ప్రయత్నం ఉండాలనేది దేశికుల దారి. దీన్ని మర్కట కిశోర న్యాయం అంటారు. పిల్లిపిల్ల ఏమీ పట్టుకోదు. తల్లే దాని మెడ నోట కరుచుకుని తీసుకెళ్తుంది. అంతా తల్లిదే అనేది లోకాచార్యుల దారి. అది మార్జాల కిశోర న్యాయం.

మా ఆఫీసు లంచ్ టేబుల్ వాదన లాగే ఉంది కదూ? కానీ ఒక పెద్ద తేడా ఉంది. ప్రపత్తి చేసినవాడు తర్వాత తప్పు చేస్తే మోక్షం పోతుందా అంటే, ఈ ఇద్దరూ పోదనే అంటారు. తేడా అంతా, ఆ తప్పుని దేవుడు ఏం చేస్తాడన్న దగ్గర. ఆవు అప్పుడే పుట్టిన దూడ ఒంటి మీది మురికిని ఎలా నాకేస్తుందో దేవుడు అలా భక్తుడి దోషాన్ని ప్రేమతోనే తీసుకుంటాడని లోకాచార్యులు. తెలిసి తప్పు చేసి పశ్చాత్తాపం కూడా లేకపోతే, రాజు తన కొడుక్కి తేలిక శిక్ష వేసినట్టు, ఈ జన్మలోనే చిన్న దెబ్బ వేసి సరిచేస్తాడని దేశికులు. రాజు కొడుకుని దండించవచ్చు, కొడుకు కాదు అనడు.

దీనికి రామాయణంలోనే ఉదాహరణ ఉంది. సుందరకాండలో సీతమ్మ హనుమంతుడికి కాకాసురుడి కథ చెప్తుంది. కాకి రూపంలో వచ్చి సీతమ్మని పొడిచాడు. రాముడు గడ్డిపోచని బ్రహ్మాస్త్రం చేసి వదిలాడు. మూడు లోకాలూ తిరిగినా ఎవరూ కాపాడలేదు. చివరికి రాముడి కాళ్ల దగ్గరే పడ్డాడు. రాముడు ప్రాణం నిలిపాడు. కానీ వదిలిన అస్త్రం వృథా పోదు కాబట్టి ఒక కన్ను పోయింది. శరణు దొరికింది, కన్ను మాత్రం తిరిగి రాలేదు.

గీతలో అర్జునుడు కూడా ఇదే భయం అడుగుతాడు. సాధన మొదలుపెట్టి మధ్యలో జారిపోయినవాడు చెదిరిన మేఘంలా రెండు వైపులా చెడతాడా అని ఆరో అధ్యాయంలో. మంచి దారిలో అడుగేసినవాడు ఎక్కడా నాశనం కాడని కృష్ణుడు భరోసా ఇస్తాడు. తొమ్మిదో అధ్యాయంలో ఇంకా ముందుకెళ్లి, ఎంత చెడ్డ నడత ఉన్నవాడైనా తననే నమ్ముకుంటే వాణ్ణి మంచివాడిగానే ఎంచాలంటాడు. తన భక్తుడు చెడిపోడని మాట ఇస్తాడు.

ఈ వెలుతురులో రామదాసు గారి తిట్ల పాట మళ్లీ వినండి. ఆయన చెయ్యి జారింది నిజమే. కానీ ఆ తిట్టు ఎవరితో? రాముడితోనే. పన్నెండేళ్లలో ఆయన తిట్టింది రాముణ్ణి, బతిమాలింది రాముణ్ణి, అమ్మ చేత చెప్పించింది రాముడికే. వేరే గుమ్మం వెతకలేదు. పిల్లి నోట్లో ఉన్న పిల్ల కూడా అరుస్తుంది, గింజుకుంటుంది. తల్లి కిందపడెయ్యదు.

రామోజీ, లక్ష్మోజీ

ఇక అందరికీ ఇష్టమైన ఘట్టం. ఒక అర్ధరాత్రి ఇద్దరు కుర్రాళ్లు తానీషా పడకగదిలోకి వచ్చారు. పేర్లు రామోజీ, లక్ష్మోజీ అని చెప్పారు. గోపన్న దగ్గర పనిచేసేవాళ్లం, బాకీ కట్టడానికి వచ్చామన్నారు. ఆరు లక్షల రామమాడలు రాశిగా పోసి, రసీదు రాయించుకుని వెళ్లిపోయారు. తెల్లారేసరికి ఆ రసీదు చెరసాలలో నిద్రపోతున్న రామదాసు గారి తలగడ కింద ఉంది. తానీషాకి విషయం అర్థమై పరుగున వచ్చి కాళ్ల మీద పడ్డాడు. రామదాసు గారు మాత్రం బావురుమన్నారు. జీవితమంతా పాడినవాడికి కనిపించకుండా, జైల్లో పెట్టినవాడికి కనిపించాడేమిటని.

ఈ ఘట్టం చిన్నప్పటి నుంచి వింటున్నాం కాబట్టి ఒక విషయం గమనించం. రాముడు ఆ బాకీని మాఫీ చెయ్యలేదు. తలచుకుంటే తానీషా మనసు మార్చి ఊరికే వదిలేయించొచ్చు. తాళాలు ఊడగొట్టొచ్చు. కృష్ణుడు పుట్టిన రాత్రి చెరసాల తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి కదా, అలా కూడా చేయొచ్చు. అదేమీ చెయ్యలేదు. మొత్తం ఆరు లక్షలు లెక్కపెట్టి కట్టాడు. పైగా రసీదు అడిగి తీసుకున్నాడు.

అంటే నా భక్తుడు వాడింది సర్కారు డబ్బే, ఆ బాకీ నిజమే అని రాముడే ఒప్పుకున్నట్టు. భక్తుణ్ణి వదల్లేదు, భక్తుడి తప్పుని ఒప్పు అని కూడా అనలేదు. తనే పూచీ పడి తీర్చాడు. రామదాసు కథలో నాకు అన్నిటికంటే పెద్ద విషయం ఇదే.

ఆ పన్నెండేళ్లు ఎక్కడికి పోయాయి?

బాకీ తీరింది సరే, మరి పన్నెండేళ్లు ఎందుకు ఆగాడు? మొదటి నెలలోనే వచ్చి కట్టొచ్చు కదా?

దీనికి సంప్రదాయం చిలక కథ చెప్తుంది. పూర్వజన్మలో రామదాసు గారు ఒక చిలకని ముద్దుగా పంజరంలో పెట్టి పన్నెండేళ్లు పెంచారట. చిలకకి అది పన్నెండేళ్ల జైలు. ఆ లెక్క ఈ జన్మలో తీరింది. తానీషాకి దర్శనం ఎందుకంటే, ఆయన పూర్వజన్మలో శివుడికి రోజుల తరబడి అభిషేకం చేసిన భక్తుడట. ఆ పుణ్యం ఇలా పండింది.

పెద్దలు కర్మని మూడుగా చెప్తారు. కూడబెట్టింది సంచితం, అనుభవించడం మొదలైంది ప్రారబ్ధం, ఇకముందు చేసేది ఆగామి. శరణాగతితో సంచితం కరిగిపోతుంది. ప్రారబ్ధం మాత్రం విల్లు నుంచి వదిలేసిన బాణం. మన భాషలో చెప్పాలంటే ఆల్రెడీ ప్రొడక్షన్‌లోకి వెళ్లిపోయిన రిలీజ్. అది నడవాల్సిందే.

అందుకే కష్టం వచ్చింది కాబట్టి దేవుడు వదిలేశాడు అనుకోవడం లెక్క తప్పు. రామదాసు గారికి పన్నెండేళ్లలో పోయింది సుఖం, ఉద్యోగం, పరువు, వయసు. పోనిది రాముడు. విడుదలయ్యాక కూడా ఆ పన్నెండేళ్లు ఎవరూ తిరిగి ఇవ్వలేదు. కాకాసురుడి కన్ను లాగే. కానీ ఆ చీకటి గదిలో పుట్టిన పాటలని మూడు వందల ఏళ్లు దాటినా మనం పాడుకుంటున్నాం. త్యాగరాజస్వామి తన కృతుల్లో రామదాసు గారిని తలుచుకున్నారంటే ఆ పాటలు ఎంత దూరం వెళ్లాయో చూడండి.

తానీషా సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఆయన్ని విలన్ చేసి వదిలేస్తే అన్యాయం అవుతుంది. ఆ తర్వాత ఆయన భద్రాచలం కల్యాణానికి ముత్యాలు పంపే ఆనవాయితీ పెట్టాడు. నిజాంల కాలంలోనూ అది సాగింది. ఇప్పుడు మన ప్రభుత్వం ప్రతి శ్రీరామనవమికి పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు పంపిస్తోంది. 1686లో అక్కన్న, మాదన్నలని గోల్కొండలో చంపేశారు. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత కోట ఔరంగజేబు చేతికి చిక్కింది. తానీషాని దౌలతాబాద్ కోటలో బంధించారు. 1699లో అక్కడే పోయాడు. లెక్కేస్తే ఆయన జైలు కూడా పన్నెండేళ్లే. రాముణ్ణి కళ్లారా చూసినవాడికి కూడా జీవితంలో కష్టం మాఫీ కాలేదు.

మరి మనకి?

పోదు అనే సమాధానం వినగానే ఇంకో ప్రమాదం ఉంది. ఎలాగూ పోదు కదా, ఏం చేసినా ఫర్వాలేదు అనుకోవడం. మా క్రిస్టియన్ కొలీగ్స్ వాదనలో కూడా చివరికి ఇదే తగువు. పోదు అంటే మనిషి చెడిపోతాడని ఒకరి భయం. పోతుంది అంటే మనిషి భయంతోనే చచ్చిపోతాడని ఇంకొకరి బాధ. రెండు భయాలూ నిజమైనవే. రామదాసు కథ రెండింటికీ జవాబు చెప్తుంది. బంధం తెగదు కాబట్టి భయపడక్కర్లేదు. లెక్క కట్టాల్సిందే కాబట్టి ఇష్టారాజ్యం కుదరదు. అది కూడా కేవలం భగవంతుడి దగ్గర లెక్క కాదు, పాల్వంచ రైతుల శిస్తు లెక్క. ఎవరికైనా బాకీ ఉంటే శరణాగతి చేశాను కాబట్టి ఎగ్గొడతాను అనడానికి లేదు. మన రాముడే కట్టి రసీదు తీసుకున్నాడు.

కాబట్టి కొన్ని నెలలుగా దీపం పెట్టని వాళ్లకి, ఇంట్లో ఎవరో పోయాక దేవుడి గది తలుపు వేసేసిన వాళ్లకి, దేవుడి మీద కోపంతో ఉన్నవాళ్లకి చెప్పేది ఒకటే. ఆ కోపాన్ని కూడా ఆయనకే చెప్పండి. తిట్టాలనిపిస్తే తిట్టండి, రామదాసు గారు చూపించిన దారే అది. నేరుగా అడగడానికి మొహం చెల్లకపోతే సీతమ్మకి చెప్పండి. మళ్లీ మొదటి నుంచి అర్హత సంపాదించుకోవాలేమో అనుకోకండి. దమ్మక్క తాటిపండు పెట్టినప్పుడు ఆమె అర్హత ఎవరూ అడగలేదు.

వీలైతే ఈసారి గోల్కొండ వెళ్లినప్పుడు ఆ బందీఖానాలో పది నిమిషాలు ఉండండి. ఫోన్ జేబులో పెట్టుకుని, గోడ మీది రాముణ్ణి చూడండి. భద్రాచలం వెళ్లాలనుకుంటే సికింద్రాబాద్ నుంచి భద్రాచలం రోడ్ స్టేషన్‌కి ట్రైన్ ఉంది. ఆ స్టేషన్ కొత్తగూడెంలో ఉంటుంది, అక్కడి నుంచి ఇంకో నలభై కిలోమీటర్లు బస్సులో వెళ్లాలి. గుడిలో రామదాసు చేయించిన నగలు ఇప్పటికీ ఉన్నాయి. చింతాకు పతకం పేరు వినగానే ఆ బిల్లు పాట గుర్తొస్తే, నవ్వుకుని ఒక దండం పెట్టుకోండి.

అందరికీ ఆ రామయ్య చల్లని చూపు ఉండాలని కోరుకుంటూ, జై శ్రీరామ్!